సోమన్నకుంటకు పంపిందెవరు?

వీడియో నాలుగోసారి మొదలయ్యేసరికి రాజశ్రీ పొయ్యి మంట తగ్గించింది. పప్పు మాడుతుందని కాదు, ముందు గదిలోని మాట సరిగా వినపడాలని.

"నలభై మందిమి బీడీ కార్డులిచ్చినం. ఏయి మా కార్డులు? అవి తెచ్చి మా ముంగట పెట్టు. అప్పుడడుగు ఓటు!"

మహిపాల్ ఫోనులోంచి వస్తున్న ఆ గొంతు ఒక ముసలామెది. ఆమె వెనక, బీడీల చాటలు చంకన పెట్టుకొని ఇరవై మంది ఆడవాళ్లు. వాళ్ల నడుమ చేతులు జోడించి, మాట పెగలక నిలబడిన మనిషి హారిక. మహిపాల్ తమ్ముడి భార్య, కామారెడ్డి కోర్టులో వకీలు. ఎల్లారెడ్డి అసెంబ్లీ ఉప ఎన్నికకు పార్టీ ఆమె పేరు అనుకుంటోందని తెలిసి ఇంకా పది రోజులు కాలేదు.

ఒక నిమిషం నలభై సెకన్ల వీడియో. పొద్దున తొమ్మిదింటికి తీశారు. పదకొండు కొట్టేసరికి ఎల్లారెడ్డి బస్టాండు దాటి గాంధారి, లింగంపేట, తాడ్వాయి దాకా పాకిపోయింది.

"ఇన్ని ఊర్లుండంగ గా ఊరే దొరికిందా?" మహిపాల్ గదంతా తిరుగుతున్నాడు. "ఎవడు జెప్పిండు సోమన్నకుంటకు పొమ్మని?"

"నాకేం తెల్సన్నా," అన్నాడు బాలరాజు, హారిక భర్త. కామారెడ్డిలో విత్తనాల దుకాణం మూసి అప్పుడే పరుగున వచ్చాడు. "పొద్దుగాల్నే కారేస్కొని పోయింది. ఫోన్ బంద్ వస్తున్నది."

"తెల్వకుంటె అడగాలె గదా! ఇంట్ల ఇంతమందిమి లేమా?"

అడిగింది. అడిగిందని రాజశ్రీ ఒక్కదానికే తెలుసు.

మూడు రోజుల కిందట హారిక ఫోన్ చేసి, "అక్కా, నాకు ఈ దిక్కు ఊర్లు అంతగ తెల్వయి. మొదలు ఏ ఊరికి పోతె మంచిది? నువ్వెట్లంటె గట్ల," అంది. ఆ 'నువ్వెట్లంటె గట్ల' దగ్గరే రాజశ్రీకి ఒళ్లు మండింది. నేను చెప్పినట్టు ఆమె నడవాలి, నడిచి ఆమె గెలవాలి. అంతే కదా! ఒక క్షణం ఆగింది. తర్వాత ఆమె నోటి నుంచి వచ్చిన ఊరి పేరు సోమన్నకుంట.

వాకిట్లో గేటుకు కట్టిన ఫ్లెక్సీ గాలికి కొట్టుకుంటోంది. అందులో హారిక నల్లకోటు వేసుకొని నవ్వుతోంది. మొన్న దాన్ని కట్టేటప్పుడు కార్యకర్త ఒకడు, "వదినా, జెర గీ తాడు కొస పట్టుకోరి," అన్నాడు. రాజశ్రీ పట్టుకుంది. తన ఇంటి గేటుకు తోడికోడలి బొమ్మ కడుతుంటే తాడు పట్టుకొని నిలబడింది. ఆ అరచేతి మంట ఇంకా తగ్గలేదు.

రాజశ్రీ బతుకులో ఏ సంగతైనా ఎన్నికలతోనే యాదికొస్తుంది. తొంభై తొమ్మిది ఎన్నికల ఏట పెళ్లయి ఈ ఇంటికి వచ్చింది. రెండువేల నాలుగులో ఓట్లు లెక్కబెట్టే రోజున కూతురు ఆశ్రిత పుట్టింది. మహిపాల్ ఆసుపత్రికి మర్నాడు వచ్చాడు. ఎనిమిదిలో ఉప ఎన్నిక, తొమ్మిదిలో సాధారణ ఎన్నిక, పదిలో రాజీనామాలతో మళ్లీ ఉప ఎన్నిక. ఎల్లారెడ్డి జనం మూడేళ్లలో మూడుసార్లు వరుసలో నిలబడి ఓటేశారు. ఆ మూడుసార్లూ పెరట్లో గాడిపొయ్యి తవ్వించి కార్యకర్తలకు వండి పెట్టింది రాజశ్రీ.

వడ్డిస్తూ విన్నది. విన్నది మరచిపోలేదు. ఏ ఊరు ఎప్పుడు ఎటు ఒరిగింది, ఎందుకు ఒరిగింది, ఏ కులపోళ్లు ఏ నాయకుడి మీద అలిగి ఓటు వేయకుండా ఇంట్లో కూర్చున్నారు, నియోజకవర్గం హద్దులు మారినప్పుడు ఎవరి బలం ఎటు పోయింది, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. అన్నం తింటూ మహిపాల్ అడిగేవాడు. ఆమె చెప్పేది. మర్నాడు మీటింగులో అవే మాటలు ఆయన నోట వచ్చేవి. జనం తలలూపేవారు. ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి వినేది. అప్పుడు ఈర్ష్య లేదు. మొగుడే కదా అనుకుంది.

కానీ ఇప్పుడు పార్టీ ఆడమనిషే కావాలంది. ఆడమనిషి అనగానే అందరి కళ్లూ ఎల్లారెడ్డి దాటి, కామారెడ్డి దాకా పోయి, హారిక మీద ఆగాయి. మధ్యలో ఈ వంటింట్లో ఒక ఆడమనిషి ఉందని ఎవరికీ తోచలేదు.

---

హారిక రెండున్నరకు వచ్చింది. చీర కుచ్చిళ్లకు దుమ్ము, ముఖమంతా చెమట. కానీ వీడియోలో చేతులు జోడించి నిలబడిన మనిషిలా లేదు. నడకలో ఏదో తొందర. చేతిలో ఒక నోటుబుక్కు.

"వచ్చినావమ్మా?" మహిపాల్ గొంతు పెంచాడు. "ఊరంత బద్నాం అయినం. నాలుగు గంటలకు దేవేందర్ వస్తుండు, జిల్లా ఇన్‌చార్జి. గాయినకేం జెప్పాలె?"

"ఉన్నది ఉన్నట్టు చెప్దాం బావా. ఆ కార్డులు తీస్కున్నది నిజమేనా?"

 మూలన పడక కుర్చీలో కూర్చున్న హనుమాండ్లు, ఇంటి పెద్ద, ఎనభై దాటిన మనిషి, కళ్లు తెరిచి కొడుకు వైపు చూశాడు.

"అది ఎప్పటి ముచ్చటో," అన్నాడు మహిపాల్. "అది కాదు ఇప్పుడు. నిన్ను ఎవరు పొమ్మన్నరు గక్కడికి? గది చెప్పు."

రాజశ్రీ వంటింటి గడప మీదికి వచ్చింది. కొంగు పట్టుకొని నిలబడింది.

హారిక ఆమె వైపు చూడనైనా చూడలేదు. "ఎవరూ చెప్పలే. నేనే పోయిన."

"నువ్వే?"

"నేనే. పోవాల్సిన ఊరే అనిపించింది."

మహిపాల్ నెత్తి పట్టుకున్నాడు. తన భార్యకు నీళ్లిమ్మని బాలరాజు రాజశ్రీకి సైగ చేశాడు. రాజశ్రీ కదల్లేదు. గండం గట్టెక్కిందని ఊపిరి పీల్చుకోవలసిన చోట ఆమెకు మరింత కోపమొచ్చింది. చూశావా, అనుకుంది. మంచితనం కూడా ఆమెకే. తిట్లు తిని వచ్చింది, పైగా నన్ను కాపాడింది. ఇప్పుడు నేను జీవితమంతా ఈమె ముందు తల వంచుకొని తిరగాలి.

హారిక తనే వంటింట్లోకి వచ్చింది. కుండలో నీళ్లు ముంచుకొని, నిలబడే రెండు గ్లాసులు తాగింది. చెంగుతో మూతి తుడుచుకొని, రాజశ్రీ దగ్గరగా వచ్చి మెల్లగా అంది:

"మంచి ఊరికే పంపినవక్కా."

రాజశ్రీ చేతిలోని గరిటెను పక్కన పడేసింది.

"ఎత్తిపొడుస్తున్నవా?"

"అయ్యో, ఎందుకక్కా..."

"అనదల్చుకుంటె మొఖం మీదనే అను. గా ముందటి గదిల అందరి ముంగట 'నేనే పోయిన' అన్నవు. ఎవర్ని ఉద్ధరిస్తందుకు? నాకు నీ దయ అవసరం లేదు."

హారిక ముఖంలోని తొందర ఆగిపోయింది. ఏదో అర్థం కానట్టు చూసింది. "దయ ఏందక్కా? బావ కోపంల ఉన్నడు. నీ పేరు జెప్తే నీ మీద పడ్తడని..."

"పడనీ! ఇరవై ఆరేండ్ల సంది పడుతనే ఉన్నడు. నాకు కొత్తనా?" రాజశ్రీ గొంతు తగ్గించాలనుకుంది, తగ్గలేదు. "నీకేం ఎర్కనే ఈ సీటు సంగతి? ఎన్ని మండలాలో చెప్పు చూద్దాం, గుక్క తిప్పుకోకుంట. ఏ ఊరోళ్లు ఎందుకు అలిగిన్రో చెప్పు. నల్లకోటు తొడుక్కొని ఫోటో దిగంగనే అయితదా? నేను పొయ్యిల కట్టెలు పెట్టుకుంట నేర్చుకున్న ఇదంత. తొమ్మిదిల మీ బావ ఇండిపెండెంట్‌గ నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్ననాడు, ఒక్క సోమన్నకుంటల్నే మనకు ఎక్కువొచ్చినయ్. ఎందుకొచ్చినయో ఎర్కనా నీకు? పింఛన్ రాయిస్తనని నలభై మంది కార్డులు సంచిల వేస్కొని వచ్చిండు గావట్టి! గా సంచి రెండేండ్లు గీ అటక మీదనే ఉండె. నేనే చూసిన. మల్ల ఏమాయెనో తెల్వదు."

మాట అయిపోయింది. అయిపోయిన తర్వాత గానీ తను ఏం చెప్పిందో రాజశ్రీకి వినపడలేదు.

హారిక నోటుబుక్కును ఛాతీకి హత్తుకొని నిలబడి ఉంది.

"అయితే నీకు ముందే తెల్సు," అంది.

రాజశ్రీ గిన్నె మీది మూత సర్దింది.

"తెల్సే పంపినవ్. వాళ్లు మీద పడ్తరని."

పొయ్యి మీద చాయ్ నీళ్లు మరుగుతున్నాయి. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లు మూడడుగుల దూరంలో నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక గిన్నెను చూస్తున్నారు.

"తెల్సు," అంది రాజశ్రీ చివరికి.

హారిక ఏడుస్తుందనుకుంది. అరుస్తుందనుకుంది. రెండూ చేయలేదు. తల ఊపింది, కోర్టులో ఎదుటి పక్షం మాట విన్నట్టు.

"ఒక్క సంగతి చెప్త విను అక్కా. పార్టీవాళ్లు మొదటిసారి మా ఇంటికి వచ్చిన నాడు నేను నా పేరు చెప్పలే. నీ పేరు చెప్పిన. 'మా అక్కను మించిన మనిషి లేదు, బూతు బూతు నోటికొస్తది' అన్న. బావ నా పక్కనే కూసున్నడు." ఆమె ఆగింది. "'ఆమె ఇంటి మనిషి, ఆమెకు ఓట్ల సంగతేం తెల్సు' అన్నది బావ. నేను కాదు."

చెప్పి, రాజశ్రీ పక్క నుంచి, ఆమె కొంగు కూడా తగలకుండా బయటికి నడిచింది.

రాజశ్రీ పొయ్యి ఆర్పేసింది.  ఇన్ని రోజులూ హారిక మీద పెంచుకున్నదంతా ఎటు పంపాలో తెలియక లోపలే తిరిగింది. అబద్ధం చెప్పి ఉంటుంది అనుకుంది మొదట. కానీ ఆ మాట మహిపాల్‌దే. 'ఇంటి మనిషి' అనే ఆ మాటతీరు కూడా ఆయనదే. విననవసరం లేకుండానే ఆమెకు ఆయన గొంతు వినపడింది.

ఆశ్చర్యం ఏమిటంటే, అయినా హారిక మీది ఈర్ష్య పోలేదు. ఇంకొంచెం ముదిరింది. తన తరఫున మాట్లాడింది కూడా తను కాదు, హారికే.

---

దేవేందర్ నాలుగు గంటలకు ముందే వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. చాయ్ ముట్టకుండా జేబులోంచి ఒక కాగితం తీశాడు. వీడియో సంగతి ఎత్తకుండానే, "హైదరాబాద్ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది," అన్నాడు.

"అది ప్రతిపక్షంవాళ్ల కుట్ర సార్," అన్నాడు మహిపాల్.

"కుట్రనో కాదో, జనం చూసిన్రు. హారికమ్మ పేరు మీద ఇప్పుడు ముందుకు పోలేం. పేర్లు పంపుడు రేపటితోని ఆఖరు. ఇంకో పేరున్నదా? ఆడమనిషే కావాలె. అది మారదు."

హారిక గడప దగ్గర గోడకు ఆనుకొని నిలబడి ఉంది. తన పేరు కొట్టేసిన మాట విని కదల్లేదు.

మహిపాల్ ఒక్క నిమిషం ఆలోచించాడు. తర్వాత ముఖం విప్పారింది. అప్పుడే గుర్తొచ్చినట్టు వంటింటి వైపు చెయ్యి చూపించాడు.

"ఉన్నది గదా సార్, ఇంట్లనే. మా ఆమె. రాజశ్రీ. ఇరవై ఆరేండ్ల సంది రాజకీయం చూస్తున్నది. ఏ ఊరు అడుగుండ్రి, చెప్తది."

దేవేందర్ తిరిగి చూశాడు. వారం రోజులుగా ఆ ఇంటికి వచ్చిపోతున్న మనిషి, ఆమె ముఖం వైపు చూడడం అదే మొదలు.

రాజశ్రీ ఈ క్షణం కోసం ఎన్నిసార్లు లోపల నాటకం ఆడుకుందో! చీర ఎట్లా ఉండాలి, ఏం మాట్లాడాలి, ఎవరి ముఖాలు ఎట్లా మాడిపోవాలి. తీరా వచ్చేసరికి పసుపు చేతులతో, పప్పు మరకతో నిలబడి ఉంది. అయినా ఒక అడుగు ముందుకు వేసింది. ఇది కావాలి. ఆమెకు ఇది కావాలి, ఆకలి మనిషికి అన్నం కావలసినట్టు.

గడప దగ్గర హారిక ఆమెనే చూస్తోంది. ఒక్క మాట చాలు. 'నన్ను ఆ ఊరికి పంపింది ఈమెనే' అంటే చాలు. దేవేందర్ కాగితం మడిచి జేబులో పెట్టుకొని లేచి పోతాడు.

హారిక నోరు విప్పలేదు.

విప్పింది హనుమాండ్లు. ఎవరూ అడగకుండానే, పైకప్పు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"అరవై ఏడుల నేను మొదటి ఓటేసిన. అప్పుడు ఇరవై ఒక్క ఏండ్లకు గానీ ఓటు లేకుండె. గప్పుడు ఎల్లారెడ్డి సీటు కోసం ఇద్దరు ఆడోళ్లే కొట్లాడిన్రు. గట్టి ఆడోళ్లు. మొగోళ్లమంత జెండాలు మోసినం. ఎవ్వరూ 'ఇంటి మనిషి' అనలే వాళ్లను."

మహిపాల్ ముఖం ఎర్రబడింది. "బాపూ, ఇప్పుడవన్ని ఎందుకు?"

"యాదికొచ్చింది, చెప్పిన." ముసలాయన కళ్లు మూసుకున్నాడు. "నేను సుత ఎనభై తొమ్మిదిల నిలబడి ఓడిన. ఓడినందుకు సిగ్గు పడలే. కార్డుల సంగతి గియ్యాల్నే తెల్సింది. ఇప్పుడు పడుతున్న."

దేవేందర్ గొంతు సవరించుకున్నాడు. "ఏమంటరమ్మా? రాస్కోమంటరా?"

"రాస్కోండ్రి సార్," అన్నాడు మహిపాల్. "ఆమెనేమంటది? నిలబడుడు ఆమె, చూసుకునుడు నేను."

"రేపు పది గంటలకు చెప్త," అంది రాజశ్రీ.

అందరూ ఆమె వైపు తిరిగారు. మహిపాల్ నవ్వబోయి ఆగాడు. "ఇందుల చెప్పేటందుకు ఏమున్నది?"

"ఉన్నది."

హారిక కారు తాళాలు తీసుకుంది. బాలరాజుతో "పోదాం పా," అంది. రాజశ్రీ ముందు నుంచే వెళ్లింది గానీ, ప్రతిసారీ అనే 'పోయొస్త అక్కా' అనలేదు. ఆ రెండు మాటలు లేని లోటు రాజశ్రీకి ఇంత తగులుతుందని ఆమె అనుకోలేదు.

---

మర్నాడు ఏడున్నరకే అజీముద్దీన్ ఆటో గేటు ముందు ఆగింది. హనుమాండ్లు పోటీ చేసిన ఏటి నుంచి ఈ ఇంటి జెండా మోసిన మనిషి. గడ్డం తెల్లబడింది. ఇప్పటికీ ఓటరు చీటీలు పంచాలంటే ఆయనే.

"ఎక్కడికి వదినా?"

"సోమన్నకుంటకు."

అజీముద్దీన్ ఆటో స్టార్టు చేయలేదు. ఇంటి వైపు తిరిగి చూశాడు. "మహిపాలన్నకు తెల్సా?"

"తెల్వదు."

"తొమ్మిదిల గా సంచి మోసింది నేనే వదినా. ఒక్కొక్కరి ఇంటికి పోయి అడిగి తీస్కున్న. అప్పటి సంది గా ఊరి మీదికెళ్లి పోవాల్నంటే చుట్టు తిరిగి పోత." కిక్ కొట్టాడు. "ఇయ్యాల సీదా పోదాం."

దారి పొడుగునా రాజశ్రీ మాటలు కూర్చుకుంది. ఎందుకు వెళ్తున్నావంటే ఆమె దగ్గర రెండు జవాబులున్నాయి. తప్పు సరిదిద్దాలని ఒకటి. అది నిజమే. రెండోది పైకి చెప్పుకోలేనిది. హారిక చేతులు జోడించి బిక్కచచ్చి నిలబడిన చోట, తను కూర్చొని మాట్లాడి, ఆ ఆడవాళ్లను మెప్పించి రావాలి. వచ్చి, పది గంటలకు 'రాస్కోండ్రి' అనాలి. అప్పుడు అది మహిపాల్ ఇచ్చింది కాదు, హారిక వదిలేసింది కాదు. తను గెలుచుకున్నది అవుతుంది.

మక్క చేలు దాటాక ఫోన్ మోగింది. మహిపాల్.

"ఏడున్నవ్? చాయ్ లేదు, ఏం లేదు. సరే విను, దేవేందర్‌కు చెప్పేసిన, నువ్వు ఒప్పుకున్నవని. పేరు హైదరాబాద్ పోయింది. జల్ది రా, ఫోటో దిగాలె."

"నేను చెప్తనన్న గదా, పది గంటలకు?"

"నువ్వు చెప్తే ఏంది, నేను చెప్తే ఏంది?"

ఆమె జవాబు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాడు. అజీముద్దీన్ అద్దంలోంచి చూసి చూపు తిప్పుకున్నాడు.

సోమన్నకుంటలో పొద్దుటి ఎండ అరుగుల మీదికి వచ్చింది. వేపచెట్టు కింద పది పదిహేను మంది ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించే కత్తెరల చప్పుడు. ఆటో ఆగగానే చప్పుడు ఆగింది.

వీడియోలోని ముసలామె నడుమ కూర్చొని ఉంది. పేరు చిన్నవ్వ. అజీముద్దీన్‌ను చూసి గుర్తుపట్టింది. ముఖం ముడుచుకుంది.

"మల్లొచ్చినవా? ఈసారి ఏం సంచి తెచ్చినవ్?"

"ఖాళీ చేతులతోనే వచ్చిన అవ్వా," అన్నాడు అజీముద్దీన్. తల ఎత్తలేదు.

రాజశ్రీ దిగి, పిలవకుండానే వాళ్ల నడుమ నేల మీద కూర్చుంది. "అవ్వా, నేను మహిపాల్ ఇంటామెను. మీ కార్డులు తీస్కపోయిన ఇంటి మనిషిని."

తిడతారనుకుంది. తిట్లకు సిద్ధపడే వచ్చింది. కానీ చిన్నవ్వ కాసేపు ఆమెను ఎగాదిగా చూసి, చాట పక్కన పెట్టింది.

"నిన్నటామెకు ఏమైతవ్?"

"తోడికోడల్ని."

"మస్తు మంచిదమ్మా గామె," అంది చిన్నవ్వ. పక్కనున్న వాళ్లు అవునన్నట్టు తలలూపారు. "మొదలు మేం నోటికొచ్చింది తిట్టినం. మా ఊరి పోరి ఎవతో ఫోన్ల తీసింది. తీసింది తిట్లే. తర్వాతది ఎవరు తీస్తరు? గామె పోలే. గిక్కడ్నే, నువ్వు కూసున్నకాడ్నే కూసున్నది. రెండు గంటల దాక మా అందరి పేర్లు రాస్కున్నది. బీడీ పింఛన్ షురూ అయిననాడు కార్డు చూపెట్టలేక ఎవరెవరికి రాలేదో, గా పదిహేనేండ్లల్ల ఎవరెవరు సచ్చిపోయిన్రో అన్నీ రాస్కున్నది. కంపెనీల పాత రికార్డు తీయిస్త, కోర్టుకు పోతా అన్నది. ఓటు మాట ఎత్తలే."

రాజశ్రీకి నిన్నటి నోటుబుక్కు, ఆ నడకలోని తొందర కళ్ల ముందు కదిలాయి.

"నేనడిగిన, ఇన్నేండ్లకు మేం యాదికొచ్చినమా బిడ్డా అని. గామె ఏమన్నదో ఎర్కనా?" చిన్నవ్వ ముందుకు వంగింది. "'మా అక్క పంపింది అవ్వా. మా ఇంటోళ్లు చేసిన తప్పు మా అక్కకు యాదిల ఉన్నది. గందుకే అన్ని ఊర్లల్ల మొదలు మీ ఊరికే పొమ్మన్నది' అన్నది. మేం తిడుతుంటే సుత గదే మాట."

మంచి ఊరికే పంపినవక్కా.

ఎత్తిపొడుపు కాదు. ఆమె నిజంగానే అంది. ఆ మాట అన్న మనిషికి తను ఏం జవాబిచ్చిందో రాజశ్రీకి అక్షరం అక్షరం గుర్తొచ్చింది. చెవులు మండాయి. ఆ మంటలో కూడా ఒక పాత పోటు, ఇంత జరిగినా చావని పోటు: ఇక్కడికి కూడా హారికే ముందు వచ్చింది. తను వచ్చి గెలవాలనుకున్న చోట ఆమె నిన్ననే గెలిచి వెళ్లింది. గెలిచి, ఆ గెలుపును తన పేరు మీద వదిలిపెట్టి వెళ్లింది.

"గా అక్కవు నువ్వేనా?" అంది చిన్నవ్వ.

చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఆమె వైపు తిరిగాయి. ఇరవై ఆరేళ్లలో ఇంతమంది కళ్లు ఒకేసారి ఆమె మీద నిలవడం ఇదే.

"అవునవ్వా," అంది రాజశ్రీ. "పంపింది నేనే."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత పెద్ద అబద్ధం ఆమె ఎన్నడూ ఆడలేదు.

చిన్నవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంకొకామె చాప తెచ్చి పరిచింది. ఎవరో చాయ్ పెట్టమని ఇంట్లోకి కేకేశారు. అజీముద్దీన్ ఆటో పక్కన నిలబడి, అటు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే చెట్టు అవతల కారు ఆగింది.

"వచ్చె! పొద్దుగాల్నే మల్లొస్త అన్నది, అన్నట్టే వచ్చె," చిన్నవ్వ లేచి చెయ్యి ఊపింది. "రా బిడ్డా! చూడు, నీకన్న ముందుగాల్నే మీ అక్క వచ్చి కూసున్నది!"

కారు దిగిన హారిక చేతిలో దరఖాస్తుల కట్ట ఉంది. రెండడుగులు వేసి, చాప మీద కూర్చున్న రాజశ్రీని చూసి ఆగిపోయింది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

"ఏం జెప్పిందవ్వా మా అక్క?"

"నిన్ను పంపింది తనే అన్నది. ఇంకేం జెప్తది?"

హారిక నేరుగా రాజశ్రీ కళ్లలోకి చూసింది.

"ఎందుకు పంపిందో సుత చెప్పిందా?"